పదమూడో నెల జీతం

దక్షిణ కొరియాలోని కొజె ఓడల కార్ఖానాలో వెల్డర్‌గా చేరిన తక్ బ్యోంగ్‌జున్‌కి తొలి ఏడాది ఫిబ్రవరిలో జీతంతోపాటు ఇంకొంత సొమ్ము చేతికొచ్చింది. ఏడాది పన్ను లెక్క తేల్చాక వచ్చే ఆ డబ్బును అక్కడంతా 'పదమూడో నెల జీతం' అంటారు. ఆ మాటకే పొంగిపోయి, తోటివాళ్లందరికీ పంది మాంసం, సోజూ సారాతో విందు పెట్టాడు.

నెలనెలా పన్ను తక్కువ కోయమని ఆ వేసవిలో ఆఫీసులో రాసిచ్చాడు. పదమూడో జీతం ఎలాగూ వస్తుందిగా అని వాయిదాల మీద తోలు జాకెట్టు కొన్నాడు. తీరా ఫిబ్రవరిలో, రావడం మాట అటుంచి, జీతంలోంచే బోలెడు కోత పడింది.

"నా జీతం మింగేశారక్కా!" అని పక్కన పనిచేసే గు మల్‌సున్ దగ్గర చిందులేశాడు.

"ఎవడు మింగాడ్రా? తక్కువ కోయమన్నది నువ్వే. ఆ తగ్గిందే ఇప్పుడు లాగారు."

"మరి నిరుడు నాకే ఎదురిచ్చారుగా?"

"ఎక్కువ కోసింది తిరిగిచ్చారు. కొట్టువాడు చిల్లర తిరిగిస్తే ఎవడైనా విందు పెడతాడా? నువ్వు చేసిందదే!"

ఇప్పుడు బ్యోంగ్‌జున్ మేస్త్రీ. ఫిబ్రవరిలో కొత్త కుర్రాళ్లు విందుకి పిలిస్తే వెళ్తాడు, కడుపునిండా తింటాడు. లేచేటప్పుడు మాత్రం అడుగుతాడు:

"ఏరా, చిల్లర ఎంతొచ్చింది?"