మహబూబ్ సాబ్ విన్న టిక్కు

ఈ ఉదయం ఆప్టికల్ కేబుల్ కొసన ఉన్న చిన్న మూత తీసేసరికి అరచేతిలో ఎర్రటి చుక్క వెలిగింది. వేడి లేదు, చప్పుడు లేదు. ఆ వెలుగులో పాట ప్రయాణిస్తుందని నాకు మొదట చూపించినవాడు ఆదోనిలో రేడియోలు, టేపులు బాగుచేసే మహబూబ్ సాబ్. వయసులో నాకంటే పదేళ్లు చిన్న. అయినా నా గురువు. ఇప్పుడు లేడు. "ఫోనులోనే అన్నీ అవుతుంటే ఈ తీగలెందుకు తాతా?" అనేవాళ్లకు జవాబు చెప్పి చెప్పి విసిగిపోయాను. వినే ఓపిక లేనివాళ్లకు తీగ ఎందుకో ఎలా తెలుస్తుంది?

నేను చదివింది ఐదో తరగతి. ఎమ్మిగనూరులో మా ఇంటి వెనక గది గోడలకు బొంతలు కట్టి రికార్డింగు గది చేసుకున్నప్పుడు నవ్వనివాడు లేడు. డిజిటల్ రికార్డరుతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని, నిఘంటువు పక్కన పెట్టుకుని, మూడు నెలలు చదివాను. దాంతో పొగరెక్కింది. ఆ పొగరు దించింది మహబూబ్ సాబే.

మా వీధిలో మగ్గం నేసే నరసమ్మ ఒకరోజు మినీడిస్క్ తెచ్చింది. అరచేతిలో ఇమిడే బిళ్ల. పాటలు సేకరించేవాళ్లెవరో నరసమ్మ అమ్మ చేత పాడించుకుని, ఒక ప్రతి ఇచ్చి పోయారట. తర్వాత ఆ తల్లి చనిపోయింది. "మా యమ్మ గొంతు ఇంగ యాడా లేదన్నా. సీడీ చేసియ్యి," అంది.

దాన్ని వినిపించే ప్లేయరు మహబూబ్ సాబ్ దగ్గర అడిగి తెచ్చాను. రికార్డరుకు కలిపి రెండు నిమిషాలు విన్నాను. అద్దంలా ఉంది. మిగతాది దాని మానాన దాన్ని ఎక్కనిచ్చి, బిళ్ల నరసమ్మకిచ్చేసి, ప్లేయరు తిరిగిచ్చి సీడీతో గొప్ప చెప్పుకోవడానికి ఆదోని బస్సెక్కాను.

"చివరిదాకా విన్నావా అన్నా?" అన్నాడు మహబూబ్ సాబ్.

"డిజిటల్ సాబ్! అంకెలకు అంకెలు. వినేదేముండాది?"

ఆయన హెడ్‌ఫోను పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. నాలుగో పాట అయ్యాక కనుబొమ్మ ముడిపడింది. హెడ్‌ఫోను నా చెవులకు తగిలించి, ఆ చోటే మళ్లీ వినిపించాడు. ఒక పిలుపు, దాని మీద టిక్కుమని ఒక దెబ్బ.

"పాట మీద పడలేదు కదా సాబ్. అది మధ్యలో మాట. కోసేస్తే సరిపాయె."

"ఏం మాట?"

"ఏదో నీళ్లు అడుగుతాంది."

"ఎవుర్ని?"

ఆయన నా చెవుల మీంచి హెడ్‌ఫోను తీసేశాడు.

"మార్కెట్లో ఒక పత్తి బేలును ఇద్దరు హమాలీలు మోస్తాండారనుకో. ఎవుని అడుగు వాడేస్తే ఏమయితాది? నీ రికార్డరు దాని లోపలుండే క్లాకు మీద అది నడిచింది, ప్లేయరు దీని క్లాకు మీద ఇది. అడుగు తప్పిన చోట ఈ టిక్కు. వచ్చేదాని అడుగు చూసి నీది నడవాల. పుస్తకంలో లేదా?"

ఉంది. ఆ పేజీ పెద్ద స్టూడియోలవాళ్లకేమోనని దాటేశాను. ఆ మాట ఒప్పుకోలేక, ప్లేయరే పాతదని ఆయన మీద విరుచుకుపడ్డాను.

"తిట్టన్నా, తిట్టు. బస్సుకు టైమయింది, దావలో తిడుదువు రా," అంటూ ప్లేయరు సంచిలో పెట్టుకుని నాతో బయలుదేరాడు.

నరసమ్మ ముందు మాత్రం నన్నే మాట్లాడనిచ్చాడు. "నేనే చెడగొట్టినా నరసమ్మా. మళ్లా ఎక్కించాల," అన్నాను.

"బిళ్ల బాగుండాది గదా?"

"ఉండాది."

"మరి ఆ మొగమేందన్నా? మా యమ్మ ఇంగోసారి పోయిందనుకుంటి!"

బాగుందని అన్నానే గానీ, నా గదిలో ప్లేయరు ఆ బిళ్లను చదవలేక రెండుసార్లు బయటికి తోసేసింది. మహబూబ్ సాబ్ ప్లేయరు లోపలి కటకాన్ని మెత్తని గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టాడు. మూడోసారి పట్టుకుంది. రికార్డరు క్లాకును బయటినుంచి వచ్చేదాని వెంట నడిచేలా మార్చాడు. రికార్డరు మీద మినుకుమినుకుమంటున్న దీపం నిలిచి వెలిగింది. "ఇప్పుడు ముగ్గురం వింటాం," అన్నాడు.

నాలుగో పాట అయింది. "నర్సీ, ఇన్ని నీళ్లు తేమ్మా," అంది ముసలి గొంతు. ఏ దెబ్బా లేదు.

"తెస్తాండా మా," అని నరసమ్మ లేచింది. గడప దాకా పోయి ఆగిపోయింది. మహబూబ్ సాబ్ కళ్లు తెరవలేదు.

నేను కోసేద్దామనుకున్న మాట అది. ఈనాటికీ ఎవరు ఏ బిళ్ల తెచ్చినా ముందు క్లాకు చూస్తాను. తర్వాత చివరిదాకా కూర్చుని వింటాను. దగ్గునైనా సరే, ఇంటివాళ్లను అడగనిదే తీయను. "ఇంతసేపా తాతా!" అని నసిగేవాళ్లను బయట కూర్చోమంటాను.