అన్నిటికంటే చిన్న పనిముట్టు

కోరుట్లలో వడ్రంగి దుకాణం దాటుతుంటే కర్రపొట్టు వాసనకు నా వేళ్లు ఇప్పటికీ ముడుచుకుంటాయి.

మా బాపు కర్రతో పొగాకు పైపులు చెక్కేవాడు. నాకు ఎనిమిదేళ్లప్పుడు బాడిస, ఉలి, ఆకురాయి నా ముందు పరిచి, "ఒకటి తీస్కో బిడ్డా. ఎండకాలమంత గదే నీ పని" అన్నాడు.

అన్నిటికంటే చిన్న పనిముట్టుకు చిన్న పనే ఉంటుందనుకుని ఆకురాయి తీసుకున్నాను. బాపు గంటలో చెక్కిన పైపును నునుపు చేయడానికి నాకు పొద్దుగూకేది. బయట పిల్లలు ఆడుకుంటుంటే అరుగు మీద కూర్చుని రుద్దేదాన్ని.

ఒకరోజు ఏడ్చాను. "నాకు ఉలి ఇయ్యి బాపూ."

బాపు తన అరిగిన బొటనవేలు చూసుకున్నాడు. "మీ తాత గిట్లనే పనిముట్లు ముందట పెడితే నేను గూడ గదే తీసిన."

తానూ నాలాగే పొరబడ్డానంటున్నాడని అప్పుడు తెలియక, మెచ్చుకున్నాడనుకుని, కళ్లు తుడుచుకుని మళ్లీ రుద్దాను.