దేవుడమ్మ పిన్ని మట్టిగోడ

తొలకరికి మా కాలనీ చదువుల గది గోడ తడిసినప్పుడు వేయించిన చోళ్ల, అదే రాగుల, వాసనలాంటిది వస్తుంది. ఈ ఉదయమూ వచ్చింది. కిటికీ దగ్గర నిలబడి, దేవుడమ్మ పిన్నిని మాకిచ్చినందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

ఆమె మాకు చుట్టం కాదు. అనంతగిరి వైపు కొండ ఊరి నుంచి అరకు వచ్చి, మా పక్కింట్లో అద్దెకున్న మట్టిగోడల మేస్త్రీ. నేను బడికి వెళ్లినదాన్ని కాదు. అమ్మే ఇంట్లో అక్షరాలు దిద్దించింది. అలాగే నేనూ కాలనీ పిల్లలకు మా వరండాలో నేర్పుతుండేదాన్ని. వాళ్లకొక గది కావాలని అడిగితే, కాలనీ పెద్దలు స్థలం మాత్రం ఇవ్వగలం, ఇటుకలకు డబ్బు లేదన్నారు. "ఇటుకలెందుకు? టూరిస్టులు రోజూ పారేసి పోతన్నారు కదా!" అంది పిన్ని.

నీళ్ల సీసాల్లో చిప్స్ కవర్లు కూరి, కర్రతో దట్టించి, మట్టిలో వరసలుగా పేర్చింది. కూల్చేసిన పాత క్వార్టర్ల కిటికీలు తెచ్చి బిగించింది. నాకు అన్నీ సందేహాలే. సీసా ఎంత దట్టించాలి అంటే, "ఎక్కి నిలబడు. నొక్కుకుపోయిందంటే అది నీ బరువు కాదు, నీ బద్ధకం" అనేది. మట్టిలో గడ్డి ఎందుకంటే, "పీచు లేపోతే బీటలిచ్చేత్తాది. నువ్వడిగే ప్రశ్నలకి ఈపాటికి రెండు గోడలు లేచిపోను!" అని నవ్వేది.

పెద్దల్లో ఒకాయనకు మాత్రం నమ్మకం కుదరలేదు. "ఈ వానాకాలం గడవనీండి. గోడ జారిందా, పడగొట్టి స్థలం వ్యాన్ల పార్కింగుకి ఇచ్చేస్తాం" అన్నాడు.

ఆ మాటకు నాకు భయం పట్టుకుంది. పిన్ని రెండు వారాలు ఊరెళ్లినప్పుడు, మా ఇంట్లో మిగిలిన సిమెంటు కలిపి, జల్లు కొట్టే వైపు గోడకు నేనే పూత వేశాను. ప్రార్థన చేసుకుంటూ మరీ వేశాను. మూడు వానలకు పూత ఉబ్బి, పెచ్చులుగా ఊడింది. వెనక మట్టి మెత్తబడిపోయి ఉంది.

పిన్ని వచ్చి గోడకు అరచెయ్యి ఆనించింది. "ఎవులు సేసినారిది?"

"నేనే పిన్నీ. గట్టిగా ఉంటుందని."

"మట్టిగోడ తాగిన నీరు మళ్లీ బయటికి పోవాల. నువ్వు మూతెట్టేసినావు. ఇన్ని అడిగినదానివి, ఇదొక్కటీ అడగనేదేటే గుంటా?"

అంతలో ఆ పెద్దాయన రానే వచ్చాడు. "చెప్పానా, మట్టి నిలవదని!"

ఊడిన పెచ్చొకటి తీసి చూపించాను. "మట్టి తప్పు కాదు బాబూ. పైన సిమెంటు పూసింది నేను."

"మూడు రోజుల ఎండ తగలనీండి బాబూ," అంది పిన్ని. "అప్పుడూ నిలబడకపోతే నానే పలుగెట్టి తీసేత్తాను."

ఇద్దరం కలిసి పెచ్చులన్నీ గీకాం. గోడ ఆరాక ఎర్రమట్టిలో పేడ కలిపి అరచేతులతో మెత్తాం. ఆ వారం వాన విడవకుండా కురిసింది. గోడ నిలిచింది. పెద్దాయన గోటితో గీకి చూసి వెళ్లిపోయాడు.

గీకిన పెచ్చుల తట్ట ఎత్తి నేను చెత్తలో వేయబోతే పిన్ని ఆపింది. "పారేయకు. గుమ్మం కాడ పల్లంగా ఉంది, అక్కడ దట్టించు. పిల్లలు తొక్కి లోపలికొత్తారు."

ఆమె ఇప్పుడు చింతపల్లిలో కూతురి దగ్గర ఉంటోంది. ఇక్కడ పిల్లలెవరైనా తప్పు రాసిన కాగితం చించబోతే నా చెయ్యి దానంతటదే అడ్డం వెళ్తుంది. ఆ తప్పు కిందే మళ్లీ రాయిస్తాను. పేజీలో రెండూ ఉంటాయి.