చెరువడుగున అమ్మమ్మ ఇల్లు

వేసవి సెలవులకు పుణె నుంచి విమానంలో శంషాబాద్ వచ్చి, నేరుగా పాల్మాకుల దగ్గరి చెరువుకు వెళ్లాను. కట్ట ఎత్తు పెంచినప్పుడు మా అమ్మమ్మ ఇల్లు అందులో మునిగింది. ఎండలకు నీళ్లు తగ్గి పునాదులు తేలగానే చుట్టాలంతా అక్కడే వండుకుని తింటారు. నేను వెళ్లడం అదే మొదటిసారి.

ఇంకా ఎవరూ రాలేదు. పగుళ్లిచ్చిన మట్టి మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. నేను దగ్గరికి పోబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

“గట్ల రాకు బిడ్డా, గోడ ఉన్నది. దర్వాజ ఇటు.”

అక్కడ గోడ లేదు. అయినా చుట్టు తిరిగి వెళ్లాను. తన పేరు ఖాజాబీ అనీ, అమ్మమ్మకు పక్కింటామెననీ చెప్పింది.

“ఒక్కదానివే కూసున్నవేంది అవ్వా?”

“ఒక్కదాన్నేడ? మీ అమ్మమ్మ లోపలున్నది.”

అమ్మమ్మ పోయి పన్నెండేళ్లు. మిట్టమధ్యాహ్నం ఎండలో ఆ పునాదుల మధ్యకు తొంగి చూశాను; మట్టి తప్ప ఏమీ కనిపించలేదు.

అంతలో పెద్దమామ గిన్నెలు పట్టుకుని వచ్చాడు. ఆమె పక్కన కూర్చుంటూ, మామూలుగా అడిగాడు.

“మా అమ్మ ఏమంటున్నది చిన్నమ్మా?”

“మనుమడు పొద్దుగాల్నుంచి ఏం తినలేదంట. ముందుగాల వానికి పెట్టుమంటున్నది.”

మామ విస్తరి పరిచాడు. తెల్లవారుజామున ఏమీ తినకుండానే బయలుదేరానని నేనెవరికీ చెప్పలేదు.