టార్క్ కన్వర్టర్‌కు తగలని దిష్టి

ఇంజిన్లు దించి ఎక్కించడం నా పని కనుక బరువులు నాకు కొత్త కావు. కానీ ఏ జాకీకీ లేవని బరువు ఒకటి కొన్నేళ్లుగా ఛాతీ మీద మోస్తున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. ముఖం తెలియని మీకు చెబుతున్నాను. బహుశా ముఖం తెలియదు కనుకనే.

కామారెడ్డిలో నాకో మెకానిక్ షెడ్డు ఉంది. తెలంగాణ రాష్ట్రం రాకముందు, 2010 ఎండాకాలంలో, ఎల్లారెడ్డి ఊరి నర్సన్న ఒక పాత విదేశీ కారును లారీ మీద తెచ్చి నా ముందు దించాడు. ఆయన చాలాకాలం దుబాయిలో ఒక షేకు దగ్గర డ్రైవరు. అక్కడన్నీ క్లచ్చు లేని, గేర్లు వాటంతటవే మారే కార్లు. ఇంటికొచ్చాక కూడా ఎడమకాలికి పని చెప్పడం ఇష్టంలేక అలాంటిదే వెతికి కొన్నాడు. కారు అందంగా ఉంది. కదలదు, అంతే. టార్క్ కన్వర్టర్ పోయింది. ఇంజిను బలాన్ని నూనె ద్వారా గేరుపెట్టెకు అందించే గుండ్రటి డబ్బా అది. హైదరాబాద్ నుంచి మరొకటి తెప్పించాడు.

ఆటోమేటిక్ బండ్లు చేస్తావా అని అడిగితే, చేస్తానన్నాను. అప్పటిదాకా నా దగ్గర ఆటోమేటిక్‌గా నడిచింది నా నోరు ఒక్కటే.

డబ్బా అమ్మినతను ఫోనులో చెప్పాడు. గేరుపెట్టె ముందు దాన్ని పెట్టి, చేత్తో తిప్పుతూ లోపలికి నెట్టాలి. పోతూ పోతూ మూడుసార్లు టక్కుమంటుంది. మూడోది వినకుండా బిగించొద్దు.

నేను రెండు విన్నాను. మూడోది వినబడిందా? వినబడిందనుకున్నానా? వినబడాలని కోరుకున్నానా? ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను, జవాబు ఆరోజే తెలిసినా. గేరుపెట్టెను ఇంజినుకు ఆనిస్తే మధ్యలో వేలు పట్టేంత సందు మిగిలింది. ఆగు అని చెప్పే సందు అది. కానీ బయట పంతులు పెట్టిన ముహూర్తం దాటిపోతోంది, వెనకాలే రాహుకాలం వస్తోంది, నర్సన్న చుట్టాలంతా పసుపు కుంకుమలతో, కొబ్బరికాయతో, టైర్ల కింద పెట్టే నిమ్మకాయలతో నా కాళ్ల వైపే చూస్తున్నారు. కారు కింద నుంచి నావి అవే కనబడుతున్నాయి మరి. పళ్లు బిగించి బోల్టులు బిగించాను. సందు మూసుకుపోయింది. లోపల ఏదో నలిగిన చప్పుడు. అదే మూడో టక్కని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

ముహూర్తానికి నర్సన్న తాళం తిప్పాడు. ఇంజిను మోగింది. గేరుపెట్టె మూలిగింది. కింద ఎర్రటి నూనె కారింది. బండి మాత్రం కదలలేదు. నాలుగు నిమ్మకాయల్లో ఒక్కటీ నలగలేదు.

పక్కనే నర్సన్న బావమరిది సాయిలు ఉన్నాడు. పోచారం దిక్కు పల్లెలో వ్యవసాయం ఆయనది. పొద్దుటి నుంచి భుజం మీది తువ్వాలతో ఆ కారును తుడుస్తూ మురిసిపోతున్నాడు.

"ఏంది ఉస్తాద్ గిది?" అన్నాడు నర్సన్న.

"పని పక్కా జేసిన అన్నా," అన్నాను. "బండికే ఎవలదో దిష్టి తాకింది."

నర్సన్న మెల్లగా బావమరిది వైపు తిరిగాడు. "పొద్దుగాల సంది దీన్ని గుడ్లప్పగిచ్చి సూస్తున్నది నువ్వే గదరా?"

"ముద్దుగున్నదన్న, గంతే బావా!"

"ఎన్నిమాట్ల అన్నవ్?"

సాయిలు నిజాయితీపరుడు. కాసేపు ఆలోచించి, "లెక్కవెట్టలే" అన్నాడు.

అప్పుడు నేను నోరు తెరవాలి. తెరిచాను కూడా. "దిష్టి దీస్తే మంచిది" అన్నాను.

బలాన్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చి పంపే డబ్బాను కన్వర్టర్ అంటారు. తప్పును అలా మార్చి పంపేవాడిని ఏమంటారో నాకు తెలియదు.

వాళ్లు వెళ్లాక విప్పి చూస్తే లోపలి నూనె పంపు పగిలి ఉంది. చప్పుడు చేయకుండా ఇంకొకటి తెప్పించి, ఈసారి మూడు టక్కులూ విని బిగించాను. గుమ్మడికాయ కొట్టారు. సాయిలును మాత్రం రావద్దన్నారు. బండి వెన్నలా కదిలింది. సాయిలు లేడు, బండి కదిలింది. ఇంకేం రుజువు కావాలి?

ఆ తరువాత కొత్త బండి కొన్నవాళ్లు సాయిలు ఎదురైతే పక్క సందులోకి తిప్పేవారు. ఈనిన బర్రెలకు గోనెసంచులు కప్పేవారు. నర్సన్న భార్య తమ్ముడికి రాఖీ కట్టడానికి వెళ్తే, కారును ఊరి బయటే ఆపి నడిచి వెళ్లేది. నాకేమో పేరొచ్చింది. బండికి రోగం వచ్చిందో చూపు తగిలిందో చెప్పగల మెకానిక్కునట. పేరు వచ్చినప్పుడల్లా నా నిద్ర ఎగిరిపోయేది.

ఈ మధ్య ఒక ట్రాక్టరు బాగుచేయడానికి సాయిలు ఉండే పల్లెకే వెళ్లాల్సి వచ్చింది. సాయిలు మంచినీళ్లకు ఇంట్లోకి పిలిచాడు. ఉయ్యాలలో ఆయన మనవరాలు, ముఖం మీద పలుచటి గుడ్డ. సాయిలు ఉయ్యాల తాడు లాగుతున్నాడు, తన ముఖం గోడవైపు పెట్టి. పాపను ఎత్తుకోవచ్చుగా అన్నాను.

"నా కండ్లు మంచియి గావు ఉస్తాద్. నీకెరికే గద."

నాకెరుకే. అందరికంటే నాకే ఎరుక. అక్కడే అంతా చెప్పేశాను: వినని టక్కు, బిగించిన బోల్టులు, పగిలిన పంపు. సాయిలు ఓపిగ్గా విన్నాడు. చివరికి నవ్వాడు. "నువ్వు శాన మంచోనివి. నన్ను ఓదార్చెతందుకు నీ పనిని నువ్వే బద్నాం జేసుకుంటున్నవ్" అని నా చెయ్యి నొక్కి, మళ్లీ గోడవైపు తిరిగాడు.

ఒక్కమాట అబద్ధాన్ని అంతమంది నమ్మారే, ఇంత వివరంగా చెప్పిన నిజాన్ని ఆ ఒక్కడూ నమ్మడేం? నర్సన్న చెబితే నమ్ముతాడు. నర్సన్నకు నేను చెప్పాలి. ఎల్లారెడ్డి బస్సు షెడ్డు ముందు నుంచే పోతుంది. ఇంకా ఎక్కలేదు.

అందుకే ముందు ఇక్కడ రాస్తున్నాను. ఆ కారును చెడగొట్టింది నా చేతులు. సాయిలు కళ్లలో ఏ దోషమూ లేదు; అందమైనదాన్ని చూసి అందంగా ఉందనడం తప్ప అవి ఏ పాపమూ ఎరుగవు.

రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది. ఆ పాప ముఖం మీది గుడ్డ మాత్రం అలాగే ఉంది.