గళ్ళు తారుమారైన వారం

పిల్లల వారపత్రిక ఆఫీసులో ఆమెను అందరూ గళ్ళక్క అనేవారు. అచ్చుకు వెళ్ళే పేజీలు అతికించడం ఆమె పని. స్కేలు పెట్టకుండానే బొమ్మల కథలకు తిన్నగా గళ్ళు గీసేది కాబట్టి ఆ పేరు. బొమ్మల కథలు వేసే పెద్దాయన భుజం పట్టేసి మంచమెక్కినప్పుడు, ఎడిటర్ ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు.

"మార్జిన్లలో నువ్వు గీసే పిచ్చిబొమ్మలు చూస్తూనే ఉన్నానమ్మా. ఈ వారానికి రెండు పేజీలు నింపి నా పరువు నిలబెట్టు."

ఆమె గడియారాలు బాగుచేసే ఒక మతిమరుపు మెకానిక్‌ని పుట్టించింది. పిల్లలకు అతను తెగ నచ్చేశాడు. పెద్దాయన కోలుకుని వచ్చాక, "ఆ గోల నువ్వే పడు తల్లీ, నేను హాయిగా ముఖచిత్రాలు వేసుకుంటా" అని ఆ పేజీలు ఆమెకే వదిలేశాడు.

అలా కొన్నేళ్ళు గడిచాయి. ఒకసారి ఒళ్ళు కాలిపోయే జ్వరంతో పేజీ అతికిస్తూ, కింది వరుస తీసి పైన పెట్టేసింది. పత్రిక అచ్చయి బజారులోకి వెళ్ళిపోయాక గానీ చూసుకోలేదు. మెకానిక్ తిట్లు తినడం ముందు వచ్చింది, గడియారం పోగొట్టడం తర్వాత వచ్చింది. ఉద్యోగం ఊడినట్టేనని ముఖం వేలాడేసుకుని ఇంటికొస్తే, హాల్లో ఆడపడుచు కూతురు ఆ పేజీ చూసి పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

"అదంతా తప్పుగా పడిందే. నీకేం అర్థమైంది?"

"తప్పేంటత్తా? ముందే తిట్లు తిన్నాడుగా. ఏం ఘనకార్యం చేశాడోనని కింద వెతుక్కున్నా."

ఎడిటర్ నాలుగు చీవాట్లతో సరిపెట్టాడు. కానీ ఆ 'వెతుక్కున్నా' అన్న మాట ఆమెను వదల్లేదు. కథ తాను చెప్తున్నానని ఇన్నాళ్ళూ అనుకుంది. చదివేవాళ్ళే సగం కథ అల్లుకుంటున్నారన్నమాట. అప్పటినుంచి పాత పేజీలు కత్తిరించి, గళ్ళను భోజనాల బల్ల మీద అటూ ఇటూ మార్చి పేర్చడం మొదలుపెట్టింది. అత్తగారినీ, పక్కింటివాళ్ళనూ కూర్చోబెట్టి చదివించి, వాళ్ళ కళ్ళు ఎటు తిరుగుతున్నాయో చూసేది.

కంపౌండరుగా పనిచేసే భర్త డ్యూటీ దిగి వచ్చి కంచం చేత్తో పట్టుకుని నిలబడేవాడు. "కాస్త ఆ మెకానిక్ గారిని పక్కకు జరగమంటావా? నేనూ తినాలి."

"ఉండండి, ముందు ఇది చూసి చెప్పండి. మొదట ఎక్కడ చూశారు?"

"నీ వంకే. ఆకలేస్తే ఇంకెటు చూస్తాను?"

అత్తగారు నవ్వు ఆపుకోలేక కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

చూసిందంతా ఆమె ఒక పుస్తకంగా గీసింది. అదీ బొమ్మల కథే. అందులో మెకానిక్కే గళ్ళ మధ్య తిరుగుతూ, కన్ను ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ పరుగెడుతుందో చూపిస్తాడు. "బొమ్మలు చదివేవాళ్ళకు సిద్ధాంతం అక్కర్లేదు, సిద్ధాంతం చదివేవాళ్ళకు బొమ్మలు అక్కర్లేదు" అని ఎడిటర్ పెదవి విరిచాడు. చివరికి ఒక చిత్రకళా కళాశాల దాన్ని అచ్చువేసింది. మెల్లగా కుర్ర చిత్రకారుల చేతుల్లో ఆ పుస్తకం నలగడం మొదలైంది.

ఆ కళాశాల ప్రొఫెసర్ ఒకరోజు ఆమెను తరగతికి పిలిచాడు. "చూపు ఎప్పుడూ ముందు ముఖం మీదే పడుతుందని రాశారు. మా పిల్లలకు అలా జరగడం లేదండీ. పాత్ర చేతిలో ఏదైనా ఉంటే ముందు చెయ్యే చూస్తున్నారు."

ఆమెకు చురుక్కుమంది. ఇన్నేళ్ళ శ్రమ మీద నీళ్ళు చల్లినట్టనిపించింది. అయినా తన పేజీలే తీసి విద్యార్థుల ముందు పరిచింది. సాయంత్రం దాకా ఒక్కొక్కరి పక్కనా కూర్చుని చూసింది. ఆయన మాటే నిజం.

"మీరు చెప్పిందే కరెక్టు సార్. ఆ అధ్యాయం మళ్ళీ గీస్తాను."

"అంతా మార్చాలని కాదండీ..."

"మార్చకపోతే నాకు నిద్ర పట్టదు."

ఆ అధ్యాయాన్ని మళ్ళీ మొదటినుంచీ గీసింది. ఈసారి మెకానిక్ చేతికి స్క్రూడ్రైవర్ ఇచ్చి, ముఖం కనపడకుండా వెనక్కి తిప్పి నిలబెట్టింది. పుస్తకం మొత్తంలో తనకు బాగా నచ్చింది ఆ అధ్యాయమేనని ఆమె అందరితో చెప్పేది. ప్రొఫెసర్ శనివారాలు తన తరగతిని ఆమెకు అప్పగించి, తాను వెనక బెంచీలో కూర్చుని వాదన పెట్టుకునేవాడు.

ఈ మధ్య బస్సులో ఆమె ఎదుటి సీట్లో ఒకావిడ ఎవరో కొత్త చిత్రకారుడి బొమ్మల పుస్తకం చదువుతోంది. పేజీ తిప్పబోయిన వేలు ఆగింది. కళ్ళు పై గడికి వెళ్ళి, మళ్ళీ కిందికి దిగాయి. పెదాల చివర చిన్న నవ్వు మొలిచింది. ఆ చిత్రకారుడు ఆ నవ్వును ఎక్కడ దాచి ఉంటాడో ఊహిస్తూ గళ్ళక్క ఆవిడ ముఖాన్నే చూస్తూ కూర్చుంది.

"ఏమ్మా, దిగాల్సిన స్టాపు దాటిపోయినట్టుందే" అన్నాడు రోజూ చూసే కండక్టర్.

"పోనీలే బాబూ, బస్సు తిరిగొచ్చేటప్పుడు దిగుతా" అంది ఆమె, కళ్ళు తిప్పకుండానే.