అక్క కోరిన పాట ఈ రోజు వేశారు

ఈ రోజు మధ్యాహ్నం రేడియోలో కోరిన పాటలు వస్తుంటే మా పేర్లు చదివారు. కేసముద్రం నుంచి బాపు, అవ్వ, నేను, అందరికన్నా చివర మా అక్క సరోజన.

ఆ పాట కోసం అక్క రెండేళ్లు నెలకో కార్డు రాసింది. ప్రతిసారీ ఇంట్లో అందరి పేర్లూ రాసి, తన పేరు చివర పెట్టేది. రేడియోలో ఒక్కసారి కూడా చదవలేదు. పోయిన చలికాలంలో కామెర్లతో అక్క చనిపోయింది. రేడియో వాళ్లదేం తప్పు లేదు, మా వంతు ఇప్పుడొచ్చింది.

పాట మొదలవగానే బాపు రేడియో ఆపబోయాడు. అవ్వ ఆయన చెయ్యి పట్టుకుంది. పాట మొత్తం అయ్యాక నాతో అంది.

"ఇంకో కార్డు రాయి బిడ్డా. ఈసారి అక్క పేరు ముందుగాల పెట్టు."

"అక్క లేదు గదనే అవ్వా."

"గది రేడియోకు ఎరుకనా?"

కార్డు రాశాను. వాళ్లు దాన్ని చదివేనాటికి అందులో ఇంకెవరి పేరు అబద్ధమవుతుందోనని పోస్టు డబ్బాలో వేయలేక, సాయంత్రం నుంచి జేబులో పెట్టుకొని తిరుగుతున్నాను. మీరైతే వేస్తారా?